మూడో పలక

రాజమండ్రి,
24 జూన్ 2024

ప్రకటన

సమస్త బంధుమిత్రులకు, మరీ ముఖ్యంగా కాకినాడ జగన్నాథపురంలో తలుపులు బిగించుకుని కూర్చున్న మా అక్క వీరవేణి గారికి ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, మన పటాల కొట్టులోని గోడ గడియారం గత మంగళవారం నుండి పన్నెండు నిమిషాలు ముందు నడుచుచున్నది. దానిని సరిచేయుటకు కుర్చీ ఎక్కవలెను. కుర్చీకి ఒక కాలు లేదు. కావున కొట్టు గుమ్మం లోపల ఉన్నంతసేపు అదే సరైన టైము అని నిర్ణయించడమైనది. అభ్యంతరములు గలవారు కుర్చీకి కాలు తెచ్చి ఇవ్వవలెను.

అక్కా,

నవ్వావా? నవ్వకపోయినా నవ్వానని రాయి.

ఈ ఉత్తరం నీ రూలు ప్రకారమే. గ్యాస్ కంపెనీ వాడి గొంతు పెట్టి ఫోన్ చేసి, సిలిండర్ని రోజూ గంటసేపు ఎండలో పెట్టాలని నేను చెప్పడం, నువ్వు మూడు రోజులు పెట్టడం, నేను కాదని ఒట్టు వెయ్యడం, హరిబాబు బావగారు నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకోవడం, "ఇకమీదట ముఖ్యమైన సంగతేదైనా కాగితం మీద రాసి సంతకం పెట్టు, ఫోన్లో నువ్వు చెప్పేది నమ్మను" అని నువ్వు అనడం, అన్నీ జరిగి నాలుగేళ్ళయింది. ఎనిమిదో క్లాసులో పెన్ను వదిలేసిన నా చేత ఇన్ని ఉత్తరాలు రాయించిన ఘనత నీదే.

ముఖ్యమైన సంగతి. మా హర్షిత పెళ్ళి ఆగస్టు 22న ఖాయమైంది. పెళ్ళికొడుకు ఉదయ్‌కుమార్, కడియంలో నర్సరీ వాళ్ళబ్బాయి. మొక్కలతో ఉన్నంత చనువు మనుషులతో లేదు. మా అమ్మాయి ఇద్దరి వాటా మాట్లాడుతుంది గనక సరిపోతుంది. బావగారు పోయి ఏడాది దాటింది, సంవత్సరీకం అయింది, నీకింక వంక లేదు. సూరమ్మ పేరంటాలికి చీర పెట్టాల్సింది నువ్వే. తాతయ్య అక్క సూరమ్మ నిండు పసుపుకుంకాలతో గోదాట్లో కలిసిపోయిందనీ, ఇంట్లో ఏ పెళ్ళయినా ముందు ఆవిడ పీట దగ్గర చీరా గాజులూ పెట్టాలనీ, అదీ ఇంటి ఆడపడుచు చేతిమీదుగానే జరగాలనీ నీకు నేను చెప్పాలా? ఈ ఇంటికి ఆడపడుచువి నువ్వొక్కదానివే.

ఇంకో సంగతి. ఇక్కడ ఓ పాత ఫోటో స్టూడియో మూసేస్తూ, ఫ్రేములకి పనికొస్తాయని గాజు పలకల పెట్టె ఒకటి నా కొట్లో పడేసి పోయారు. రీళ్ళు రాకముందు ఫోటోలు గాజు మీద తీసేవారు కదా, అవి. ఒక కవరు మీద మన ఇంటిపేరు! ముత్తాత పేరు రాసి, కింద "అమ్మాయి సూరమ్మ, రేవు దగ్గర, 1914. మూడు పలకలు. ప్రింటు వద్దన్నారు" అని ఉంది. వెలుతురుకి పెట్టి, సెల్లుతో తీసి, తెలుపుని నలుపు చేసి ప్రింటు కొట్టించాను. ఇందులో పెట్టాను. నూటపదేళ్ళు ఖాళీ పీటకి దండం పెట్టాం. ఇప్పుడు మనిషి దొరికింది. కాకపోతే మనకి వీపు చూపిస్తోంది. మన ఇంటి ఆడపడుచులందరికీ ఆ అలవాటుంది.

ఇట్లు,
నీ తమ్ముడు అమ్మిరాజు
(సంతకం నాదే, చూసుకో)


కాకినాడ,
30 జూన్ 2024

ఒరేయ్ అమ్మిరాజూ, దీవెనలు.

నవ్వలేదు. నవ్వానని రాయను. అబద్ధాలు రాయడం నీ డిపార్ట్‌మెంటు.

హర్షిత పెళ్ళి మాట సంతోషం. అది పుట్టినప్పుడు మొదట ఎత్తుకున్నది నేనే. కానీ చీర నేను పెట్టను. బుజ్జమ్మ పిన్ని ఫోన్ చేసింది. "నువ్వు రాకపోతే బాగుండదే, వచ్చి వెనక వరసలో కూర్చో" అంది. ఆవిడ మన ఇంటి ఆచారాలకి హైకోర్టు కదా, తీర్పు వచ్చేసింది. నాకు కోపం రాలేదురా. వెనక వరసలో కూర్చోవడానికి అరవై కిలోమీటర్లు ఎందుకు, ఇక్కడా వెనకే ఉన్నాను.

ఫోటో చూశాను. మీ బావగారి భూతద్దం తీసి మరీ చూశాను. రేవు మెట్ల మీద కూర్చుని ఉంది. తల మీద ముసుగు. దూరంగా తెరచాప పడవ. చుట్టూ ఎవ్వరూ లేరు, ఒక్క బిందె కూడా లేదు. ఎడమ చెయ్యి మోకాలి మీద ఉంది. ఆ మణికట్టు చూడు. ఒక్క గాజు లేదు.

పేరంటాలికి గాజులేవిరా?

నిండు పసుపుకుంకాలని మనకి చెప్పిందెవరు? తాతయ్య. ఈవిడ నాలాంటిదే. ఆ కూర్చోవడం నాకు తెలుసు. ఏదో చూస్తున్నట్టుంటుంది గానీ చూడటం కాదు. ఇంట్లోంచి ఎవరూ పిలవరని తెలిసిన మనిషి కూర్చునే తీరది.

రాణిని అడిగానని చెప్పు. కుర్చీకి కాలు వేయించు, పడి చస్తావు.

అక్క


రాజమండ్రి,
6 జూలై 2024

అక్కా,

వెనక వరసలో కుర్చీలు వేయించడం లేదు. షామియానా వాడితో చెప్పేశాను, ఒకటే వరస, గుండ్రంగా. ఇప్పుడు బుజ్జమ్మ పిన్ని నిన్నెక్కడ కూర్చోబెడుతుందో చూస్తాను.

గాజుల సంగతి. పాత ఫోటోల్లో సన్నవి కనపడవు. నాకు తెలిసిన ఒకాయన తాతగారి ఫోటోలో మీసమే పోయింది, నేను రంగుతో పెట్టాను. ఆయనకి జన్మలో మీసం లేదని తర్వాత తెలిసింది. నువ్వు పోలీసులా భూతద్దాలు పెట్టకు. నిన్ను నవ్వించి రప్పిద్దామని పంపితే నువ్వు పోస్టుమార్టం చేస్తున్నావు.

పెద్ద ప్రింటు కొట్టించి పంపుతున్నాను, ఆర్టీసీ కార్గోలో. ఇందులో బాగా కనపడుతుంది, గాజులు లెక్కపెట్టుకో.

ఇక్కడ రాణికి ఆవిడంటే పడటం లేదు. నేను రోజూ బల్ల మీద పెడతాను, పొద్దున్నే వచ్చి చూస్తే గోడవైపు తిరిగి ఉంటుంది. ముందు నాకూ కొంచెం జలదరించింది. తీరా చూస్తే తిప్పేది మా ఆవిడే. "వీపు చూపించే మనిషిని ఎదర పెడితే బేరాలేం వస్తాయండీ?" అంది. "గోడవైపు తిప్పితే మొహం చూపిస్తుందా?" అన్నాను. ఆ రోజు కూరలో ఉప్పు లేదు.

ఇట్లు,
అమ్మిరాజు


కాకినాడ,
13 జూలై 2024

అమ్మిరాజూ,

పెద్ద ఫోటో అందింది. గాజులు లేవు. అది వదిలెయ్యి.

ఆవిడ కదిలింది.

నవ్వకు. రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. మొదటిదాంట్లో కూర్చుని ఉంది, కాళ్ళు రెండో మెట్టు మీద, నీళ్ళు కింద మెట్టు దగ్గర. నువ్వు పంపిన పెద్దదాంట్లో లేచి నిలబడింది. పాదాలు నీళ్ళలో ఉన్నాయి. తల కొంచెం ఇటు తిరిగింది, చెంప అంచు కనపడుతోంది. వెనక ఎవరైనా ఉన్నారా అని చూసినట్టు.

మా వీధి చివర ఉప్పుటేరు మెట్లున్నాయి కదా, లాంచీలు కట్టే చోటు. నాలుగు రోజులుగా మధ్యాహ్నం భోజనం కాగానే అక్కడికి వెళ్ళి కూర్చుంటున్నాను. ఆవిడ ఏం చూస్తోందో నాకూ కనపడుతుందేమోనని. ఏం లేదురా. నీళ్ళు ఎక్కుతాయి, దిగుతాయి. అదే బాగుంది. ఇంట్లో ఉంటే ఆయన కుర్చీ కనపడుతుంది. అక్కడ ఏమీ కనపడదు. పాదాలు పెడితే నీళ్ళు వెచ్చగా ఉంటాయి, లోపల ఎవరో పొయ్యి వెలిగించినట్టు.

కవరు మీద మూడు పలకలు అని రాసి ఉందన్నావు. మూడోది పంపు.

వీరవేణి


రాజమండ్రి,
18 జూలై 2024

అక్కా,

ఆవిడ కదల్లేదు. కదిలింది నేను. పెద్ద ప్రింటు రెండో పలక నుంచి కొట్టించాను, అది బాగా స్పష్టంగా ఉందని. అవి వేరే వేరే ఫోటోలని రాయడం మర్చిపోయాను. ఆ ఫోటోగ్రాఫరు ఒకదాని తర్వాత ఒకటి తీశాడు, మధ్యలో ఆవిడ లేచి నిలబడింది. అంతే. దెయ్యం లేదు, బుద్ధిలేని తమ్ముడు ఉన్నాడు.

ఇప్పుడు నువ్వు చెప్పు. మీ పై వాటాలో ఉండే క్రిస్టినా గారు నిన్న ఫోన్ చేశారు. ఆవిడ నర్సు, ఊరికే కంగారుపడే మనిషి కాదు. నువ్వు మెట్లు దిగి మోకాళ్ళ లోతులో నిలబడ్డావనీ, లాంచీ వాళ్ళు కేకేసినా పలకలేదనీ, వాళ్ళు దిగి వచ్చి చెయ్యి పట్టుకుంటే "ఏంటండీ?" అని నిద్రలేచినట్టు అడిగావనీ చెప్పారు. ఏంటక్కా ఇది? నాకు ఈత రాదని తెలుసు కదా. నీకు వచ్చు గనక చెప్తున్నాను, ఈత వచ్చినవాళ్ళ గురించే ఎక్కువ భయపడాలి.

మూడో పలక ఇప్పుడు పంపలేను. దుమ్ము పట్టి ఉంది. పైగా పిల్లి పెట్టె మీద పడుకుంటోంది, దానికి కడుపు. పిల్లలు పుట్టాక చూద్దాం.

ఆదివారం నేనే వస్తున్నాను.

అమ్మిరాజు


కాకినాడ,
22 జూలై 2024

అమ్మిరాజూ,

ఆదివారం నువ్వు వచ్చావు, నేను తలుపు తియ్యలేదు. ఇంట్లోనే ఉన్నాను. నువ్వు గుమ్మంలో కూర్చుని అరగంట సేపు మూలశంక మందు అమ్మేవాడిలా అరవడం కూడా విన్నాను. నవ్వొచ్చింది. తలుపు తీస్తే ఏడుపొస్తుందని తియ్యలేదు.

క్రిస్టినాని నా మీద కాపలా పెట్టావు. సరే. కానీ ఇంకో మాట తెలిసింది. చీర బుజ్జమ్మ పిన్నే పెడుతోందట. నువ్వే ఒప్పుకున్నావట. "అమ్మిరాజు నోటితో అన్నాడే, నీకెందుకు ఇబ్బంది అని" అంటూ పిన్ని ఫోన్లో ఎంత మెత్తగా చెప్పిందో. మరి ఆడపడుచువి నువ్వొక్కదానివే అని నాకెందుకు రాశావురా? ఆ ఫోటో పంపింది కూడా అందుకేనా? చూడక్కా, నీలాంటిది ఎక్కడ కూర్చోవాలో చూడు అని చెప్పడానికేనా?

ఒకే ఒక్కటి అడుగుతాను. కాగితం మీద రాసి సంతకం పెట్టు. పిల్లి కథలు వద్దు. మూడో పలకలో ఏముంది? ఆవిడ దిగిందా?

అది తెలిస్తే చాలు. తర్వాత నాకేం చెయ్యాలో నాకు తెలుస్తుంది.

వీరవేణి


రాజమండ్రి,
24 జూలై 2024

అక్కా,

పిన్నితో అన్న మాట నిజమే. "చీర నువ్వే పెట్టు పిన్నీ, పీట కింద నువ్వే కూర్చో, సూరమ్మ వచ్చి నిన్నే పట్టుకుంటుంది" అన్నాను. వెటకారం చేశాను. ఆవిడ మొదటి ముక్క మాత్రమే ఏరుకుంది. నా వెటకారం మొదటిసారి నా మెడకే చుట్టుకుంది. తప్పు నాది.

మూడో పలక. ఇప్పుడే వెలుతురుకి పెట్టి చూశాను. చూసింది చూసినట్టు రాస్తున్నాను.

ఆవిడ ఎక్కి వస్తోంది. మొహం మనవైపు ఉంది. మూడో మెట్టు మీద కాలు పెట్టింది. తడిసిన కుచ్చిళ్ళు ఒక చేత్తో పైకి పట్టుకుంది. ఎండ మొహాన పడి కళ్ళు చికిలించింది. నవ్వడం లేదు. ఇంటి దగ్గర పని గుర్తొచ్చి వస్తున్న మనిషిలా ఉంది. ముక్కు నీ ముక్కే.

పలక మధ్యకి విరిగింది, ప్రింటు రాదు. అందుకే పంపలేదు.

ఆ తర్వాత ఎప్పుడో గోదాట్లో పోయి ఉండొచ్చు, నాకు తెలీదు. ఆ రోజు మాత్రం పోలేదు. ఆ రోజు ఎక్కి వచ్చింది.

ఇట్లు,
అమ్మిరాజు
అమ్మిరాజు
(రెండుసార్లు పెట్టాను)


కాకినాడ,
29 ఆగస్టు 2024

చిరంజీవి అమ్మిరాజుకి, రాణికి దీవెనలు.

క్షేమంగా చేరాను. రాణి కట్టిచ్చిన పూతరేకులు బస్సులో పక్కావిడకి రెండు పెట్టాను, మిగతావి క్రిస్టినాకి. నాకు షుగరని ఆవిడే లాక్కుంది.

పెళ్ళిలో నీతో మాట్లాడటానికే కుదరలేదు. చీర పెట్టే టైముకి నువ్వు పెరట్లో వంటవాళ్ళతో పోట్లాడుతున్నావు, కాబట్టి లోపల ఏం జరిగిందో నీకు నేనే చెప్పాలి. రాణి సగమే చెప్పి ఉంటుంది, మిగతా సగానికి ఏడ్చి ఉంటుంది.

పీట మీద పసుపు రాసి, నేను తెచ్చిన మొదటి ఫోటో నిలబెట్టాను. చీర పళ్ళెం ఎత్తబోతుంటే బుజ్జమ్మ పిన్ని వచ్చి చెయ్యి అడ్డం పెట్టింది. పదిమందిలో "వీరవేణీ, నీ చేత్తోనా?" అంది. అంతకన్నా ఏమీ అనలేదు, అనక్కర్లేదు కదా. నేను "పిన్నీ, కళ్ళజోడు పెట్టుకుని పీట మీదావిడ చెయ్యి చూడు" అన్నాను. చూసింది. పైటతో అద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసింది. "నీ పెళ్ళికి ఈవిడ దీవెనే. నా పెళ్ళికీ ఈవిడ దీవెనే. నూటపదేళ్ళుగా ఈ చేతులకే మనం గాజులు పెడుతున్నాం. ఇప్పుడు నా చెయ్యి ఏం చేసింది?" అన్నాను. హర్షిత నా పక్కకి వచ్చి నిలబడింది. పిన్ని గాజుల పళ్ళెం తనే తీసి నా చేతికిచ్చింది. "దీపం అటు జరుపు, గాలికి ఆరుతుంది" అంది. హైకోర్టు తీర్పు మార్చుకోవడం నేనిదే చూడటం.

తాతయ్య ఎందుకు అబద్ధం చెప్పాడో ఇప్పుడు తెలిసింది. భర్త పోయిన ఆడదానికి చీరా గాజులూ ఎవరు పెట్టనిస్తారు? పసుపుకుంకాలతో పోయిందని చెబితేనే పెడతారు. తమ్ముడు కదరా. అక్కకి పెట్టుకోవాలనిపించింది, అదొక్కటే దారి కనపడి ఉంటుంది.

ఇంక నేను ఉప్పుటేరు దగ్గరికి వెళ్ళడం లేదు. వెళ్ళినా చేపలకే. జూలైలో నీ ఉత్తరం వచ్చిన రోజు మాత్రం వెళ్ళాను. మెట్లు దిగాను. నీళ్ళలో నిలబడ్డాను. "ఇంటి దగ్గర పని గుర్తొచ్చి" అని రాశావు చూడు, ఆ ముక్క గుర్తొచ్చింది. పొయ్యి మీద పాలు పెట్టి వచ్చాను, ఎక్కి వచ్చేశాను.

నాకు ఆ మూడో పలక కావాలి. విరిగిందైనా సరే. రెండు ముక్కలూ పంపు, అతికించుకుంటాను. మొదటి రెండూ గోడకి పెట్టాను, మూడోదానికి చోటు వదిలాను. రోజూ ఆ చోటు చూస్తున్నాను.

అక్క


రాజమండ్రి,
5 సెప్టెంబరు 2024

అక్కా,

ప్రకటన రాద్దామని కూర్చున్నాను, రాలేదు. అల్లుడు ఉదయ్‌కుమార్ వచ్చి, ఎవ్వరితో ఒక్క మాట మాట్లాడకుండా, కుర్చీకి కాలు వేసి పోయాడు. ఎక్కి గడియారం సరిచేశాను. పన్నెండు నిమిషాల అబద్ధం పోయింది. ఇంకోటి మిగిలింది.

పెళ్ళి రోజు పొద్దున్న హర్షిత మంగళస్నానానికి గోదావరి నీళ్ళు తెస్తానని బిందె పట్టుకుని నువ్వొక్కదానివే రేవుకి బయలుదేరావు. నీ వెనకే వచ్చాను. నీకు తెలీదు. పై మెట్టు దగ్గర, కొబ్బరికాయల బండి చాటున నిలబడ్డాను. నువ్వు దిగావు. రెండో మెట్టు మీద ఆగావు. నీళ్ళు ఎర్రగా, జోరుగా పోతున్నాయి. నీ వీపే కనపడుతోంది. పిలుద్దామంటే గొంతు రాలేదు. ఇన్ని గొంతులు పెట్టేవాణ్ణి, నా గొంతే రాలేదు. ఎంతసేపు నిలబడ్డావో నా దగ్గర లెక్క లేదు. తర్వాత వంగి బిందె ముంచావు. చంకనెత్తుకుని, తడిసిన కుచ్చిళ్ళు ఒక చేత్తో పైకి పట్టుకుని, ఎండకి కళ్ళు చికిలించి, మూడో మెట్టు మీద కాలు పెట్టావు. నేను కాగితం మీద రాసింది నా మొహానికి ఎదురుగా ఎక్కి వచ్చింది. బండి చాటున కూర్చుండిపోయాను. కొబ్బరికాయల వాడు "ఏమండీ, కళ్ళు తిరిగాయా?" అని ఓ కాయ కొట్టిచ్చాడు.

నువ్వు ఎక్కి రావడం నేను కళ్ళారా చూశాను. దానికి ఎన్ని సంతకాలైనా పెడతాను.

మూడో పలక ఈ పార్సిల్లో ఉంది. పాత చీర ముక్కలో చుట్టాను, జాగ్రత్తగా విప్పు. అది విరగలేదు. ఎప్పుడూ విరగలేదు. కిటికీ దగ్గర వెలుతురుకి పెట్టి చూడు. అవే మెట్లు. అదే పడవ, కొంచెం ముందుకి జరిగింది. రెండో మెట్టు మీద తడి ఉంది. మనిషి లేదు.

మెట్లెక్కి ఇంటికి పోయిందో, అటు దిగిందో పలక చెప్పదు. జూన్ నుంచీ చూస్తున్నాను, నాకు చెప్పలేదు. నీకేమైనా చెబితే రాయి.

మొహం మనవైపు పెట్టి ఎక్కి వచ్చిందని నేను రాసిన ఆవిడ ఏ పలకలోనూ లేదు. ఆవిణ్ణి నేనే కల్పించాను.

ఇట్లు,
నీ తమ్ముడు
అమ్మిరాజు